కొర్లగుంట కొట్టంలో ఎచింగ్ ప్రెస్ పెట్టబోయే మా పాపకు

పాపా,

మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. చదువు ముగించుకొని, హైదరాబాదులో ఉద్యోగం చూసుకోకుండా తిరుపతికి వచ్చేస్తున్నావట. కొర్లగుంట ఇంటి వెనక పాత కొట్టం ఖాళీ చేయించి ఎచింగ్ ప్రెస్ పెడతానంటున్నావట. "నువ్వైనా దానికి బుద్ధి చెప్పు" అన్నాడు. నేను చెప్పేది ఆయన కోరుకున్న మాట కాదు. పెట్టు. తప్పకుండా పెట్టు. విన్నప్పటి నుంచి కడుపు నిండిపోయింది, దాని వెనకాలే గుండెలో దడ. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

సంతోషం దేనికంటే, ప్రింట్‌మేకింగ్ చదివిన ఆడపిల్లల చేయి ఆగిపోయేది పనితనం లేక కాదు. కాలేజీ గేటు దాటినాక ప్రెస్ దొరక్క. బొమ్మ వేసుకొనే పిల్లకు కాగితం, రంగులు, ఒక మూల చాలు. మన పని లోహపు ప్లేటుకు గ్రౌండ్ అనే మైనం పూత పూసి, దాని మీద గీసి, గీసిన చోట ద్రావణంతో తినిపించి, ఆ గీతల్లో సిరా నింపి, పైన తుడిచి, ప్రెస్‌లో కాగితం మీద అచ్చు తీయడం. దానికి ఇనప యంత్రం కావాలి, ప్లేటును తినే ద్రావణం కావాలి, నీళ్ళు పారే గది కావాలి, వాసనకు గొడవకు రాని ఇరుగుపొరుగు కావాలి. ఇవన్నీ అద్దె ఇంట్లో కుదరవు, అత్తగారింట్లో అడగడానికి నోరు రాదు. అందుకని చాలామంది ఆక్రిలిక్ రంగుల్లోకి మారిపోతారు. సొంత ప్రెస్ చేతికింద ఉన్న పిల్ల అరవై ఏళ్ళు వచ్చినా ప్లేటు తుడుస్తూనే ఉంటుంది. నీకు ఆ వయసు వరకూ ఊపిరితిత్తులు బాగుండాలి. నా దడంతా అక్కడే.

కొట్టం గురించి ముందు చెప్తాను. దానికి ఒకే కిటికీ, అదీ వీధి వైపు. పెరటి గోడకు నడుమెత్తున ఇంకో కంత కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించు. పైకప్పు దగ్గర బిగిస్తే లాభం లేదు. పైన పెడితే ట్రేలోంచి లేచిన ఆవిరి నీ ముఖం మీదుగా పోయి ఫ్యాన్‌లో పడుతుంది. ట్రే అవతల, ట్రే ఎత్తుకు కొంచెం పైన ఉంటే, గాలి నీ వెనక తలుపులోంచి వచ్చి, నీ భుజాలు దాటి, ట్రే మీదుగా బయటికి పోతుంది. ఊదుబత్తి వెలిగించి ట్రే ఉండే చోట పెట్టి చూడు. పొగ నీ వైపు తిరిగినా, పైకి లేచినా ఫ్యాన్ చోటు మార్చాల్సిందే. ఇది అయిన తర్వాతే ప్రెస్‌కు అడ్వాన్స్ ఇవ్వు. తారుమారు చేయొద్దు. ప్రెస్ వచ్చేసిందంటే నీ చేతులు ఊరుకోవు, గాలి సంగతి రేపు చూద్దామనుకుంటావు.

ఇప్పుడు రెండో ఏడాది జరిగిన దాని గురించి. నీకు గుర్తు చేస్తే కోపం వస్తుందని తెలుసు. వచ్చినా సరే, ఈసారి పూర్తిగా చెప్తాను. అప్పుడు అందరూ "జాగ్రత్తమ్మా" అని వదిలేసినారు గానీ, ఎందుకు జరిగిందో ఎవరూ నీకు విడమర్చి చెప్పలేదు.

జింకు ప్లేటు పెద్దది. సాయంత్రానికి లోతైన గీతలు కావాలనుకున్నావు. నైట్రిక్ ఆసిడ్‌ను ఒక పాలుకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపినావు. జింకుకు అది చాలా ఘాటు. ఒకటికి ఎనిమిది నుంచి పది పాళ్ళు కలపాల్సింది. పైగా మే నెల. గదిలో వేడి, కలిపిన నీళ్ళలో వేడి. నైట్రిక్ జింకును తినేటప్పుడు తానే వేడి పుట్టిస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఇంకా జోరుగా తింటుంది, ఆ జోరుకు మళ్ళీ వేడి. పెద్ద ప్లేటు, పల్చటి ట్రే, ఆ వేడికి పోయే దారి లేదు. గీతల మీద బుడగలు కూర్చున్నాయి. బుడగ ఉన్న చోట ఆసిడ్ తగలక గీత తెగిపోతుంది, చుట్టుపక్కల గ్రౌండ్ కిందకు దూరుతుంది. ఈకతో బుడగలు తోలుతూ కూర్చోవాల్సిన నువ్వు టీకి పోయినావు. తిరిగి వచ్చేసరికి గ్రౌండ్ పొక్కులు లేచి ఊడుతోంది, ట్రే మీద ఎర్రటి గోధుమరంగు పొగ. అప్పుడు చేసిందే అసలు తప్పు. ప్లేటు కోసం ట్రే మీదకు వంగినావు. ముఖానికి దుమ్ము ముసుగు ఉంది కదా అన్నావు తర్వాత. ఆ ముసుగు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు.

ఆ గోధుమ పొగ నైట్రోజన్ డయాక్సైడ్. దాని మోసం ఏమంటే, పీల్చిన వెంటనే కాస్త దగ్గు, గొంతు మంట, అంతే. గంట తర్వాత బాగానే ఉన్నట్టు ఉంటుంది. కొన్ని గంటలు గడిచినాక, ఒక్కోసారి మరుసటి రోజు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నువ్వు రాత్రి హాస్టల్లో ఆయాసపడి లేచినప్పుడు నీ పక్క మంచం పిల్ల ఆటో పిలవకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. ఎప్పుడైనా ఆ పొగ ఒక్క గుక్క పీల్చినా, బాగానే ఉన్నా, ఆసుపత్రికి పోవాలి, "నైట్రిక్ పొగ పీల్చినాను" అని ఆ మాటే చెప్పాలి. గోధుమ పొగ కనిపిస్తే చేయాల్సింది ఒక్కటే: ప్లేటును అక్కడే వదిలేసి బయటికి రావడం. ప్లేటు పోతే పోనీ. ఇంకో ప్లేటు కొనుక్కోవచ్చు.

అందుకని నా మాట: ఆ కొట్టంలో నైట్రిక్ వద్దు. ఒక్క సీసా కూడా వద్దు. ఎట్లాగూ కొనడమూ సులువు కాదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత ఆసిడ్ అమ్మే అంగడివాడు గుర్తింపు కార్డు చూడాలి, దేనికో రాసుకోవాలి, పద్దెనిమిది నిండని వాళ్ళకు అమ్మకూడదు. తెలిసిన కంసాలి దగ్గర సీసాలో పోయించుకొస్తానని మీ అన్నతో అన్నావని విన్నాను. పాపా, ఆ పని చేయొద్దు. మీ అన్న కొడుకు ఇప్పుడే నడుస్తున్నాడు, కొట్టం గడప దాటడం వాడికి ఎంతసేపు? ఏ ద్రావణమైనా నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. వంటింటి గిన్నె, గరిటె, కొలత గ్లాసు ఏదీ కొట్టంలోకి పోకూడదు, పోయింది తిరిగి వంటింట్లోకి రాకూడదు. సీసాల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి, మీ అవ్వ కూడా చదివేటట్టు. అలమరకు తాళం వేసి, తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో.

నైట్రిక్ లేకుండా ఎట్లా అంటావు. జింకుకు మైలుతుత్తం వాడు. మామిడి, నిమ్మ తోటలకు బోర్డో మిశ్రమం చేసుకొనే ఆ నీలిరంగు రాళ్ళే, ఏ ఎరువుల అంగట్లోనైనా దొరుకుతాయి. లీటరు నీళ్ళకు 50 నుంచి 75 గ్రాముల మైలుతుత్తం, అంతే తూకం ఉప్పు. ముందు మైలుతుత్తం కరిగించి తర్వాత ఉప్పు వేయి. నీలం కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. దీంట్లో గోధుమ పొగ ఉండదు. గీతల్లోంచి ఎర్రటి రాగి పొట్టులాగా లేస్తుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తో తోస్తూ ఉండాలి, లేకపోతే పొట్టు కింద తినడం ఆగిపోతుంది. రంగు వెలిసి నీళ్ళలాగా అయితే దాని పని అయిపోయినట్టు. ఒక సంగతి ముందే తెలుసుకో. గ్రౌండ్ లేకుండా విశాలంగా వదిలేసిన చోట మైలుతుత్తం సన్నటి గరుకు వదులుతుంది, సిరా ఆ గరుకును పట్టుకుంటుంది. నైట్రిక్‌లో వచ్చే నున్నటి గుంట ఇక్కడ రాదు. కొందరు దీన్ని లోపమంటారు. నాకైతే ఆ బూడిదరంగు చాలా ఇష్టం. ఆక్వాటింట్, అంటే పొడి చల్లి కాచి నీడలు తెచ్చే పద్ధతి, చేయకుండానే నీడ దొరుకుతుంది.

రాగికి ఫెర్రిక్ క్లోరైడ్. ఎలక్ట్రానిక్స్ అంగళ్ళలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మేదే. 40 శాతం ద్రావణం నాలుగు లీటర్లకు, నిమ్మఉప్పు నీళ్ళు ఒక లీటరు. 250 గ్రాముల నిమ్మఉప్పును 750 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి పోయాలి. నిమ్మఉప్పు వేయకపోతే గీతల అడుగున గసి పేరుకొని తినడం మందగిస్తుంది, అందుకే ప్లేటును బోర్లా వేయాల్సి వచ్చేది. వేస్తే వెల్లకిలా ఉంచినా పని జరుగుతుంది. ఫెర్రిక్ పొడిగా దొరికితే పొడిని కొంచెం కొంచెంగా నీళ్ళలో వేయి. పొడి మీద నీళ్ళు పోశావంటే ఒక్కసారిగా మసిలిపోతుంది. ఇంకా ముఖ్యం: జింకు ప్లేటును ఫెర్రిక్‌లో ఎప్పుడూ వేయొద్దు. విపరీతమైన వేడి, మండే గ్యాసు. రెండు ట్రేలకు రెండు రంగులు పూయి, మసక వెలుతురులో కూడా పొరబడకుండా. ఫెర్రిక్ మరక నేల మీద పడితే పోదు, చీర మీద పడితే ఆ చీర ఇక కొట్టానికే. దాని ఆవిరికి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ప్రెస్ ఒక గోడకు, ట్రేలు ఎదురు గోడకు.

వాడేసిన ద్రావణం కాలవలో పోయొద్దు. ఇందులో రాగి ఉంటుంది, చేపలకూ నీళ్ళలోని పురుగూ పుట్రకూ అది విషం. చాకలి సోడా కొంచెం కొంచెంగా వేస్తూ పోతే పొంగి, అడుగున బురద కూర్చుంటుంది. పొంగుతుంది కాబట్టి పెద్ద బకెట్లో చేయి. బురదను ఆరబెట్టి మూటగట్టి విడిగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకొనేవాళ్ళకు అప్పగించు. ఇంకో సంగతి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్ళలోకి నీళ్ళు ఎట్లా వచ్చినాయో చూసినావు కదా. డబ్బాలు, సీసాలు, కాగితం ఏవీ నేల మీద ఉండకూడదు. మోకాలెత్తు గట్టు కట్టించు.

ఆక్వాటింట్‌కు చల్లే చెట్టు జిగురు పొడి, రోజిన్, గురించి ఒక్క మాట చాలు అనుకున్నాను, చాలదు. ఆ పొడి లేపి ప్లేటు మీద పడనిచ్చే ఆక్వాటింట్ పెట్టె నువ్వే ప్లైవుడ్‌తో చేసుకుంటానన్నావట. గాలిలో లేచిన సన్నటి రోజిన్ పొడి నిప్పు రవ్వకు పేలుతుంది. పెట్టె ఉన్న చోట స్విచ్చు, మోటారు, స్టవ్ ఏదీ ఉండకూడదు. ప్లేటును వేడి చేసే చోటు వేరే మూల. పొడి ఊపిరిలోకి పోతే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది, ఒకసారి పడితే కొంచెం పొడికే మళ్ళీ రేగుతుంది. నీ ఊపిరి ఒకసారి దెబ్బతిన్నది కాబట్టి నువ్వు పెట్టె జోలికి పోకుండా ఆక్రిలిక్‌ను ఎయిర్‌బ్రష్‌తో చిలకరించే పద్ధతి నేర్చుకో. చుక్కలు ప్లేటులో దాదాపు సగం కప్పాలి. భూతద్దం పెట్టి చూడు. అప్పుడు ముసుగు తప్పనిసరి, ఎగ్జాస్ట్ కూడా. రోజినే వాడాల్సి వస్తే చిన్న ప్లేటుకు పల్చటి గుడ్డ మూటలోంచి విదిలించు, ఫ్యాన్ ఆపి. కాచేటప్పుడు తెల్లటి పొడి తడిసినట్టు మెరిసిన క్షణాన దించెయ్యి. ఇంకా కాస్తే గింజలన్నీ కలిసిపోయి మధ్యలో సందులు మూసుకుపోతాయి, నలుపు రాదు. తక్కువ కాస్తే ట్రేలోనే ఊడిపోతాయి.

ప్రతి కొత్త ద్రావణానికీ ముందు చిన్న ముక్క మీద 30 సెకన్లు, 1 నిమిషం, 2, 4, 8 అని మెట్లు వేసి, అచ్చు తీసి, ఆ ముక్కను, ఆ అచ్చును గోడకు తగిలించు. మే నెల మెట్లు వేరే, డిసెంబరు మెట్లు వేరే. గదిలో థర్మామీటరు పెట్టి ఆ అంకె కూడా రాయి.

మన వేడి సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. హార్డ్ గ్రౌండ్, అంటే గట్టి పూతకు, అస్ఫాల్టమ్ (తారులాంటిది) రెండు పాళ్ళు, తేనెమైనం రెండు పాళ్ళు, రోజిన్ ఒక పాలు. వేసవిలో ఇది మెత్తబడుతుంది, ఎండ తగిలే కిటికీ దగ్గర ప్లేటు పెడితే కారిపోతుంది. సాఫ్ట్ గ్రౌండ్‌లో (ఆకు, గుడ్డ ఒత్తి ముద్ర తీసే మెత్తటి పూత) గ్రీజు ఎండాకాలం సగానికి తగ్గించు. తగ్గించినా ఏప్రిల్, మే నెలల్లో అది ఆకు నరాలను, లేసు గుడ్డను శుభ్రంగా పట్టదు, వేలు ఆనితే లేచిపోతుంది. కాబట్టి సాఫ్ట్ గ్రౌండ్ పనులు డిసెంబరు, జనవరి నెలలకు పెట్టుకో. వేసవిలో డ్రైపాయింట్ చేయి, సూదితో ప్లేటు మీద నేరుగా గీకడమే, దానికి ఆసిడ్ అక్కర్లేదు, గ్రౌండ్ అక్కర్లేదు. సిరా కూడా వేసవిలో జారిపోతుంది, తుడిచేటప్పుడు గీతల్లోంచి లేచి వస్తుంది. చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ కలిపితే గట్టిపడుతుంది. చలికాలంలో ప్లేటును కాస్త వెచ్చబెట్టాలంటారే, అది మనకు జనవరి తెల్లవారుజామున తప్ప అవసరం పడదు.

కాగితం నూలు గుజ్జుదే, 250 నుంచి 300 జీఎస్‌ఎమ్. జర్మనీ కాగితం హానెముహ్లె కొనలేనప్పుడు పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమం చేతి కాగితం చూడు, కానీ ఒక్కో రీము ఒక్కో రకంగా నీళ్ళు తాగుతుంది. గంజి తక్కువున్న కాగితాన్ని ఎక్కువసేపు నానబెడితే తీసేటప్పుడే చేతిలో విడిపోతుంది. రాత్రి తడిపి, తువ్వాళ్ళ మధ్య అద్ది, ప్లాస్టిక్‌లో చుట్టి, బరువు పెట్టు. పొద్దున అన్ని షీట్లూ ఒకే తేమతో ఉంటాయి. మెరిసే నీటి చుక్క కనిపిస్తే తడి ఎక్కువైనట్టు. సీలింగ్ ఫ్యాన్ కింద తీస్తే అంచులు ఐదు నిమిషాల్లో ఆరిపోయి అచ్చు మచ్చలు మచ్చలుగా వస్తుంది. కార్తీకం వానల్లో మూడు రోజులకు మించి తడి కాగితం దాచొద్దు, బూజు పడుతుంది.

ప్లేటు అంచులు 45 డిగ్రీల వాలుకు అరగదియ్యి, ప్రతిసారీ. పదును అంచు కాగితాన్ని కోస్తుంది, దాని మీద పరిచే ఊలు దుప్పటిని, ఫెల్టును కూడా కోస్తుంది. మంచి ఊలు ఫెల్టు ఖరీదు నీకు తెలుసు. జింకు 18 గేజీ, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. సాధన కోసం పెళ్ళిపత్రికలు అచ్చేసే ప్రెస్సుల్లో వాడి పారేసిన ఆఫ్‌సెట్ అల్యూమినియం షీట్లు అడుగు, పాత సామాను ధరకు ఇచ్చేస్తారు. డ్రైపాయింట్‌కు బాగా పనికొస్తాయి. లేత రంగులు వేయాలంటే మాత్రం జింకు పనికిరాదు, పసుపును మురికి ఆకుపచ్చ చేస్తుంది. రాగి ప్లేటు కొను.

ఇక ప్రెస్. రేణిగుంట వైపు లేత్ పని చేసే షెడ్డులో చేయిస్తావట. చేయించవచ్చు. చెరకు రసం మిషన్ చేసినవాడికి దీని ఎముకలు అర్థమవుతాయి. కానీ రసం మిషన్‌కు లేని ఖచ్చితం దీనికి కావాలి, అది నువ్వు దగ్గరుండి చూడాలి. ప్లేటు పెట్టే బెడ్ 20 అంగుళాల వెడల్పు, 36 పొడవు చాలు. కనీసం 12 మిల్లీమీటర్ల ఇనప పలక, వంపు లేనిది. పై రోలర్ ఆరేడు అంగుళాల వ్యాసం, లేత్ మీద పూర్తిగా తిప్పి నున్న చేసింది. గొట్టంతో చేస్తే గోడ మందం ఉండాలి, లేకపోతే మధ్యలో వంగి ప్రింటు నడుమ పాలిపోతుంది. బుష్‌లు గన్‌మెటల్‌వి. పిడి నేరుగా రోలర్‌కు బిగించనీయొద్దు, గేరు పెట్టించు. ఒక్కదానివే ఒక చేత్తో తిప్పగలగాలి. పక్కన మనిషి లేనిదే తిరగని ప్రెస్ మూడు నెలల్లో బట్టలు ఆరేసుకొనే స్టాండ్ అయిపోతుంది. తీసుకొనే ముందు ఒకే ప్లేటును రెండుగా కోసిన ముక్కలు బెడ్ రెండు అంచుల్లో పెట్టి, తడి కాగితం వేసి, సిరా లేకుండా ఒక్కసారి తిప్పు. రెండు పక్కలా ముద్ర లోతు సమానంగా లేకపోతే డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు. దాన్ని కొట్టంలో గట్టి నేల మీద పెట్టు, మిద్దె మీదకు ఎక్కించే ఆలోచన మానుకో. పని అయిపోయినాక స్క్రూలు వదులు చేసి ఫెల్టులు తీసెయ్యి, రోలర్ కింద వదిలేస్తే అక్కడ శాశ్వతంగా గీత పడుతుంది.

తుడవడం నీకు వచ్చు. నీ చేతి తుడుపు చాలా బాగుంటుంది, మొన్న పంపిన "గోవిందరాజుల కోనేరు" ప్రింటులో మెట్ల మీద సన్నటి సిరా పొర వదిలినావే, నీళ్ళ మీద ఏమీ వదలకుండా, అది చూసి నేను చాలాసేపు పక్కన పెట్టలేకపోయినాను. ప్లేటు కడగడానికి మాత్రం కిరోసిన్, థిన్నర్ వద్దు. వేరుశనగ నూనెతో సిరా కరిగించి, గుడ్డతో తుడిచి, సబ్బునీళ్ళతో ముగించు. నూనె గుడ్డలు కుప్పగా వేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మూతున్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి పెట్టు.

రంగుల ప్రింటు మీద నీకు మోజు. కృష్ణారెడ్డి గారి ప్రింట్లు చూసిన ఎవరికైనా ఆ మోజు పడుతుంది, పైగా ఆయన మన చిత్తూరు దగ్గరి నందనూరు మనిషి. 1925లో అక్కడ పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ నడిపే ప్రింట్ స్టూడియో అటెలియే 17 కు చేరి, ఒకే ప్లేటు మీద, ఒకే అచ్చులో అనేక రంగులు తీసే పద్ధతిని పండించినారు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్కులో పోయినారు. ఆయన మొదట శిల్పి. ప్లేటును చెక్కి, రకరకాల లోతులుగా మలిచేవారు. ఆ లోతుల వల్లే రంగులు విడివిడిగా నిలబడతాయి. గీతల్లో సిరా నింపి తుడిచినాక, గట్టి రోలర్‌తో నూనె ఎక్కువున్న పల్చటి రంగు పైతలం మీద వేస్తారు. తర్వాత మెత్తటి రోలర్‌తో చిక్కటి రంగు అదిమి తిప్పితే అది గుంటల్లోకి పోయి అంటుకుంటుంది, పైన ఉన్న నూనె పొర దాన్ని తోసేస్తుంది. నువ్వు దీన్ని మొదటి ఏడాది ముట్టొద్దు. రోలర్ ఒక్క చుట్టులో ప్లేటంతా దాటాలి. 12 అంగుళాల ప్లేటుకు దాదాపు 4 అంగుళాల వ్యాసం కావాలి, అలాంటి రోలర్లు గట్టివి మెత్తవి కొనే డబ్బు ప్రెస్‌తో పాటు ఒకేసారి నీకు కుదరదు. పైగా మే నెల వేడికి మన గదిలో చిక్కటిదీ పల్చటిదీ ఒకటే అయిపోతాయి. నలుపుతో ఒక ఏడాది పని చేయి.

ఆడవాళ్ళు దీంతో బతకగలరా అని మీ నాయన అడిగినాడు. నువ్వు సమాధానం చెప్పేటప్పుడు ఈ పేర్లు చెప్పు. అనుపమ్ సూద్ గారు ఢిల్లీ కళాకళాశాలలో దశాబ్దాలు పాఠాలు చెబుతూ జింకు ప్లేట్ల మీద మనుషుల దేహాలను చేసినారు. లలితా లాజ్మీ గారు బడి టీచరు ఉద్యోగం చేసుకుంటూ, 1970లలో బొంబాయి జె.జె. కళాశాల (జె.జె. స్కూల్) సాయంత్రం తరగతుల్లో ఎచింగ్ నేర్చుకున్నారు, అప్పటికి ఆమెకు నలభై దాటింది. జరీనా గారు అలీగఢ్‌లో పుట్టి, అటెలియే 17 లో పని నేర్చి, న్యూయార్కులో ఉంటూ 1999లో 36 వుడ్‌కట్ (చెక్క అచ్చు) ప్రింట్లతో ఒక సంపుటం చేసినారు. వీళ్ళలో ఎవరికీ ప్రింట్లు అమ్మిన డబ్బే మొదటి రోజు నుంచి అన్నం పెట్టలేదు. నువ్వూ వారానికి రెండు రోజులు ఎక్కడైనా డ్రాయింగు చెప్పు. ఆ జీతం మీద ప్రెస్ ఆధారపడనీ, ప్రెస్ మీద నువ్వు ఆధారపడొద్దు. ప్రెస్ రాకముందు, వచ్చినాక కూడా, మద్రాసు గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడెమీ కేంద్రంలో గ్రాఫిక్ స్టూడియోకు పోయి పని చేయి. సప్తగిరి రైలు ఎక్కితే అయిపోయె. ఒంటరిగా కొట్టంలో పని చేస్తే తప్పులు అలవాట్లయి పోతాయి, ఇంకొకరి ప్లేటు తుడిచే చేయి చూస్తే అవి బయటపడతాయి. భోపాల్ భారత్ భవన్ ప్రింట్ బినాలె ప్రదర్శనకు, అకాడెమీ ప్రింట్ బినాలెకు దరఖాస్తులు వేస్తూ ఉండు.

చివరగా రిజిస్టరు. ఇది నువ్వు విసుక్కొనే పని. ప్లేటుకో పేజీ: పేరు, సైజు, లోహం, ఏ ద్రావణంలో ఎంతసేపు, గది వేడి, ఏ సిరా, ఏ కాగితం, ఎడిషన్ (ఆ ప్లేటుతో తీసే అచ్చుల లెక్క) ఎంత, ఏ నంబరు ఎవరికి పోయింది, ఎంతకు. ఎడిషన్ 20 అన్నావంటే 20 మాత్రమే, దాని మీద నీ దగ్గర ఉంచుకొనే ఆర్టిస్టు ప్రూఫులు రెండు. ఇరవై ఒకటో మనిషి ఎంత డబ్బిచ్చినా లేదు. ఎడమ పక్క నంబరు, మధ్యలో పేరు, కుడి పక్క సంతకం, పెన్సిలుతో. పూర్తయినాక ప్లేటు మీద అడ్డంగా గీత కొట్టి, ఆ గీతతో ఒక అచ్చు తీసి రిజిస్టరులో అంటించు. తిరుపతిలో ప్రింటు అంటే సన్నిధి వీధిలో అమ్మే స్వామివారి పటం అనుకుంటారు, జిరాక్సు ధర అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా ప్లేటు చేతిలో పెట్టి, వేలితో గీతలు తడమమను. చాలామందికి అంతటితో అర్థమవుతుంది. ధర మాత్రం అందరికీ ఒకటే, మామయ్యకైనా, మంత్రికైనా. ప్రింట్ల మధ్య బటర్ పేపరు వేయి, మూటలో వేపాకు పెట్టొద్దు, ఆకు రసం మరకలు పడతాయి. ఫ్రేములో గాజు ప్రింటును తాకకూడదు, మౌంటు బోర్డు సందు ఉండాలి. లేకపోతే తేమకు కాగితం గాజుకు అతుక్కుపోతుంది.

మీ నాయనకు నేను మళ్ళీ ఫోన్ చేసి మాట్లాడతాను. ఆయనకు భయమే గానీ నీ మీద కోపం లేదు. పెరటి గోడ కంత కొట్టే మేస్త్రీ వచ్చే ముందు కొలతలు నాకు పంపు, ఫ్యాన్ ఎన్ని అంగుళాలది కావాలో చూసి చెప్తాను. ఫెల్టులు మద్రాసులో దొరక్కపోతే ఆ సంగతి కూడా ముందే చెప్పు, తెప్పించడానికి వారాలు పడుతుంది.

మీ అత్త